ఆవు లేని కౌబాయ్!

కౌ అంటే ఆవు. బాయ్ అంటే కుర్రాడు. కౌబాయ్ అంటే ఆవులు కాసే కుర్రాడన్నమాట. ఈ లెక్కన కౌబాయ్ సినిమా మీద తీర్పు చెప్పే హక్కు అందరికంటే ముందు పుంగనూరు వాళ్లకే ఉండాలి! మూపు దగ్గర కొలిస్తే మూడడుగులు దాటని పొట్టి ఆవుకు తన పేరిచ్చిన ఊరు కదా అది. కానీ ఆ ఊరి రైతును కూర్చోబెట్టి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’ చూపిస్తే మొదటి అనుమానం దగ్గరే ఆగిపోవచ్చు. ఇంతకీ ఇందులో ఆవేదీ?

న్యాయమైన ప్రశ్నే. దాదాపు మూడు గంటల సినిమా. గుర్రాలున్నాయి, తుపాకులున్నాయి, ఫిరంగులున్నాయి, రెండు లక్షల డాలర్ల బంగారం ఉంది. ఆవుకు మాత్రం కథలో పనే లేదు. ఇంకో విచిత్రం... అమెరికా అంతర్యుద్ధం కాలం నాటి ఈ కథను తీసింది అమెరికా వాళ్లు కాదు. దర్శకుడు సెర్గియో లియోనీ ఇటలీవాడు. ఆరుబయట తీసిన సీన్లన్నీ దాదాపు స్పెయిన్‌వి. 1966 డిసెంబరులో ఇటలీలో విడుదలైంది. ఇటలీ వాళ్లు ఇష్టంగా తినే సేమ్యాలాంటి వంటకం పేరు తగిలించి ఇలాంటి సినిమాలను ‘స్పఘెట్టి వెస్టర్న్’లన్నారు. మొదట్లో అది వెక్కిరింపు. తర్వాత అదే బిరుదైపోయింది.

ఇంట్లోనే ముక్కోణపు పోరు

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో సినిమాలంటే ప్రాణం పెట్టే ఓ ఇంటిని ఊహించుకోండి. తండ్రికి అరవై అయిదు దాటాయి. చిన్నప్పుడు నేల టికెట్టు మీద కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ చూసినవాడు. ఆయన దృష్టిలో కౌబాయ్ అంటే కృష్ణే. ఆ తర్వాతే ఎవరైనా. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనాదివారాలకు ఇంటికొస్తాడు. ఫోన్‌లో లియోనీ సినిమాలన్నీ చూసేశాడు. నాయినా, మీ కృష్ణ సినిమా దీనికి కాపీ అంటాడు. వంటింట్లోంచి అమ్మ మాట ఒకటి వచ్చి పడుతుంది... ఇంతమంది మగాళ్లు కొట్టుకు చచ్చే సినిమాలో చూడ్డానికేముందని.

లియోనీ సినిమా చివర్లో ముగ్గురు శ్మశానంలో ముక్కోణంలా నిలబడి, ఎవరు ముందు తుపాకీ తీస్తారా అని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ ఉంటారు. ఇంట్లోనూ అదే సీను! కాకపోతే ఇక్కడ ముగ్గురి దగ్గరా తూటాలున్నాయి. ఎవరి మాటా తీసేయదగ్గది కాదు.

మన గుట్టల్లాగే ఉందే!

తెరమీద మొదట కనిపించేది మనిషి కాదు, నేల. ఎర్రటి ఎండ, బోడి కొండలు, ముళ్లపొదలు, దుమ్ము. స్పెయిన్ దక్షిణాన అల్మేరియా దగ్గర టబెర్నాస్ అనే ఎండు ప్రాంతం ఉంది. వానలు బహు తక్కువ. లియోనీ దాన్నే అమెరికా అని నమ్మించాడు. మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఇందులో కొత్తేమీ కనిపించదు. రాయి మీద రాయి పేర్చినట్టున్న గుట్టలు, తుమ్మ, తంగేడు, వానకోసం ఆకాశం కేసి చూసే చెరువులు... ఒక గుర్రం, ఒక టోపీ తక్కువ, అంతే. అలాగని అచ్చంగా అదేననలేం. హార్సిలీ హిల్స్ పైకెక్కితే చలి, మదనపల్లె మార్కెట్‌కెళితే టమోటా. టబెర్నాస్‌కు ఆ భాగ్యం లేదు.

ఇక కుప్పం సంగతి వేరు. బెంగళూరు నుంచి జోలార్‌పేట వెళ్లే రైలు దారిలో ఉన్న ఊరు. వందకు కాస్త పైగా కిలోమీటర్లు రైల్లో కూర్చుంటే బెంగళూరు. ఒకప్పుడు అక్కడి ఎం.జి. రోడ్డు మీద ప్లాజా, బ్రిగేడ్ రోడ్డు మీద రెక్స్ ఇంగ్లీషు సినిమాలకు పెట్టింది పేరు. ఇప్పుడు ఆ రెండూ లేవు. చిన్న ఊళ్లలో ఇంగ్లీషు సినిమా వస్తే గిస్తే నూన్‌షోకి వచ్చేది. అదీ కాకపోతే వీడియో క్యాసెట్టు. ఆ తర్వాత కేబుల్, ఇప్పుడు ఫోన్. తెర చిన్నదవుతూ వచ్చింది, సినిమా మాత్రం అదే.

మరి ఇంగ్లీషు రానివాళ్లకు అర్థమయ్యేదెలా? అసలు కిటుకు అక్కడే ఉంది. ఈ సినిమాలో మొదటి పది నిమిషాలు ఎవరూ నోరు విప్పరు! ముఖాలు, అడుగుల చప్పుడు, గాలి, తుపాకీ మోత. అంతే. చివర్లో శ్మశానం సీనూ అంతే. కళ్లు మాట్లాడతాయి, వేళ్లు మాట్లాడతాయి, ఎనియో మోరికోనీ సంగీతం మాట్లాడుతుంది. నక్క కూతలాంటి ఆ ఈల ట్యూను విన్నవాడికి డైలాగుతో పనిలేదు.

ఆ మాటకొస్తే తీసినవాళ్లకూ ఒక భాష లేదు. హాలీవుడ్ నుంచి వచ్చిన క్లింట్ ఈస్ట్‌వుడ్, ఈలై వాలక్, లీ వాన్ క్లీఫ్‌లది ఇంగ్లీషు. మిగతావాళ్లలో ఇటాలియన్ మాట్లాడేవారు కొందరు, స్పానిష్ మాట్లాడేవారు ఇంకొందరు. దర్శకుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. వాలక్‌తో ఫ్రెంచిలో నెట్టుకొచ్చాడు. ఎవరి భాషలో వాళ్లు డైలాగు చెప్పేస్తే తర్వాత డబ్బింగులో అతికారు. ఇది విని హాలీవుడ్ వాళ్లు ఆశ్చర్యపోయారేమో గానీ, కుప్పం వాళ్లెందుకు ఆశ్చర్యపోతారు? బజారులో తెలుగులో మొదలైన బేరం తమిళంలో సాగి కన్నడంలో తెగే ఊరది!

ముగ్గురిలో మంచివాడెవరు?

కథ చిన్నదే. ఒక శ్మశానంలో సమాధి కింద బంగారం దాచారు. శ్మశానం పేరు ఒకడికి తెలుసు. సమాధి మీద ఉన్న పేరు ఇంకొకడికి తెలుసు. ఒకణ్నొకడు చంపలేడు, వదల్లేడు. మూడోవాడు ఇద్దరి వెనకా తోడేలులా తిరుగుతుంటాడు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ చదువుకున్న తరానికి ఇది మిత్రభేదమే. నక్కలకు టోపీలు పెట్టి గుర్రాలెక్కించారంతే.

ప్రేక్షకుల మధ్య తెగని పేచీ టైటిల్ దగ్గరే మొదలవుతుంది. ‘గుడ్’ అంటే ఈస్ట్‌వుడ్ వేసిన బ్లాండీ. వీడేం మంచివాడు? తలమీద వెలకట్టిన దొంగ ట్యూకోను పోలీసులకు అప్పగించి సొమ్ము పుచ్చుకుంటాడు. ఉరి తీసే వేళకు దూరం నుంచి తాడు కొట్టేసి తప్పిస్తాడు. వచ్చింది ఇద్దరూ పంచుకుంటారు. మళ్లీ ఇంకో ఊరు, మళ్లీ ఇంకో తాడు. చివరికి ఆ భాగస్తుణ్నే ఎడారిలో వదిలేసి పోతాడు. ఈ పెద్దమనిషినా మంచివాడన్నది అని ముక్కున వేలేసుకునే వాళ్లున్నారు. చావబోతున్న కుర్ర సైనికుడికి తన కోటు కప్పి, నోట్లో చుట్ట పెట్టి, చివరి దమ్ము పీల్చనిచ్చిన చోట వాడిలోని మంచి కనిపిస్తుందనే వాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ ఆధారం సినిమాలోనే ఉంది.

మనవాళ్లకు ఎక్కువగా దగ్గరయ్యేది మాత్రం ‘అగ్లీ’... ఈలై వాలక్ చేసిన ట్యూకో. తిట్టేవాడు, ఏడ్చేవాడు, ఒట్లు పెట్టేవాడు, తప్పేవాడు. పారిపోతూ కూడా దేవుడికి దండం పెట్టుకునే రకం. ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు.

ఆ ట్యూకో ఒకచోట మఠంలో మతగురువుగా ఉన్న అన్నను కలుస్తాడు. అమ్మానాన్నలు ఎలా ఉన్నారని అడుగుతాడు. అమ్మ పోయి ఏళ్లయింది. నాన్న పోయి కొద్ది రోజులే అయింది. ఇంతకాలం ఏమైపోయావని అన్న నిలదీస్తాడు. తమ్ముడికి రోషం వస్తుంది. మనం పుట్టిన చోట ఆకలికి చావకూడదంటే రెండే దారులు, సన్యాసివి కావాలి లేదా దొంగవు కావాలి, నువ్వు నీ దారి చూసుకున్నావు, కష్టమైనది నాకు మిగిలింది అన్నట్టు మాట్లాడతాడు. చేయి చేసుకుంటారు. బయటికొచ్చాక ట్యూకో, మా అన్న నన్ను భోజనం చేయకుండా కదలనివ్వలేదని బ్లాండీ దగ్గర గొప్పలు పోతాడు. లోపల జరిగిందంతా చాటున చూసిన బ్లాండీ ఆ సంగతి ఎత్తడు. చుట్ట అందిస్తాడు. కరువుకు ఒకణ్ని చదువుకు, ఒకణ్ని కూలికి పంపిన ఇళ్లు సీమలో ఎన్ని లేవు! ఈ సీను దగ్గర తుపాకీ సినిమా కాస్తా కుటుంబకథ అయిపోతుంది. మొత్తం సినిమాలో ఇంతకు మించిన సీను లేదన్నా తప్పులేదు.

యుద్ధం సంగతీ అంతే. తాగి తాగి బతుకుతున్న ఒక కెప్టెను. ఒక పనికిమాలిన వంతెన కోసం రోజుకు రెండుసార్లు జనాన్ని చావుకు పంపడం వాడి ఉద్యోగం. యుద్ధఖైదీల శిబిరంలో లోపల ఒకణ్ని చావబాదుతుంటే, ఆ కేకలు బయటికి వినబడకుండా తోటి ఖైదీల చేత వాద్యాలు వాయిస్తారు. నవ్వులాటగా మొదలైన సినిమాలో ఇవన్నీ ఎక్కడ దాచాడా అనిపిస్తుంది.

అన్నట్టు, ఆ వంతెన పేల్చిన కథ సినిమాకంటే పెద్ద సినిమా. స్పెయిన్ సైన్యం కట్టిపెట్టిన వంతెన అది. సైగ విషయంలో పొరబాటు జరిగి కెమెరాలు తిరగకముందే ఢామ్మని పేలిపోయింది! సైన్యమే పాపం మళ్లీ కట్టింది. తెరమీద మనం చూసేది రెండోసారి పేల్చినది.

పెద్దలు మాట మార్చారు

అమెరికాలో ఇది 1967 చివర్లో విడుదలైంది. పత్రికల్లో సమీక్షకులు కొందరు చీల్చి చెండాడారు. న్యూయార్క్ టైమ్స్ సమీక్ష అయితే అసహ్యించుకున్నంత పనిచేసింది. హాలు నిండుతూనే ఉంది. షికాగోలో రోజర్ ఎబర్ట్ అనే సమీక్షకుడు అప్పుడు మూడు నక్షత్రాలిచ్చాడు. 2003లో ఇదే సినిమాను తన గొప్ప చిత్రాల జాబితాలో చేర్చుకుంటూ నిజం ఒప్పుకున్నాడు. అప్పట్లో తాను రాసింది నాలుగు నక్షత్రాల సినిమా గురించేనట, ఒక నక్షత్రం తగ్గించింది బహుశా అది స్పఘెట్టి వెస్టర్న్ కావడం వల్లేనట. టికెట్టు కొన్నవాడు మొదటి ఆటకే తేల్చేసినదాన్ని తేల్చడానికి ఆయనకు ముప్పై అయిదేళ్లు పట్టింది. పట్టినా, ఒప్పుకున్నాడు. అది మెచ్చుకోవాలి.

ఆ ఏడాదే ఇంకో ముచ్చట జరిగింది. పాతప్పుడు కత్తిరించిన సీన్లు తిరిగి కలిపి కొత్త ఇంగ్లీషు ప్రతి తయారుచేశారు. ఆ సీన్లకు గొంతులు లేవు. డెబ్బై దాటిన ఈస్ట్‌వుడ్, ఎనభై అయిదు దాటిన వాలక్ మళ్లీ మైకు ముందుకొచ్చి తమ పాత ముఖాలకు తామే డబ్బింగు చెప్పుకున్నారు. వాన్ క్లీఫ్ 1989లోనే పోయాడు. ఆయనకు వేరేవాళ్లు గొంతిచ్చారు. చెవి పెట్టి వింటే ఆ కొత్త సీన్లలో పెద్దరికపు జీర తెలిసిపోతుంది.

కాపీయా? ఎవరిది ఎవరికి?

ఇక ఇంట్లో పేచీకి వద్దాం. కొడుకు మాటలో అబద్ధం లేదు. 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్లకు మోసగాడు’ మీద లియోనీ సినిమాల నీడ, హాలీవుడ్ ‘మెకన్నాస్ గోల్డ్’ నీడ స్పష్టంగా ఉన్నాయి. దాచిపెట్టిన నిధి, దాని వెంటపడే దొంగలు, వాళ్లందరినీ మించిన హీరో. నాగభూషణం వేసిన నక్కజిత్తుల నాగన్న, ట్యూకోకు దగ్గరి చుట్టమని ఎవరైనా పోల్చేస్తారు.

మరి లియోనీ సొంతంగా పుట్టించాడా? ఆయన తొలి కౌబాయ్ చిత్రం ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ 1964లో వచ్చింది. అది జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1961లో తీసిన ‘యొజింబో’కు నకలు. కత్తి స్థానంలో తుపాకీ వచ్చింది, అంతే. జపాన్ వాళ్లు ఊరుకోలేదు. కేసు నడిచింది. చివరికి వసూళ్లలో వాటా ఇచ్చి రాజీ పడాల్సి వచ్చింది. జపాన్ నుంచి ఇటలీకి, ఇటలీ నుంచి మద్రాసుకు... అచ్చంగా మోసగాళ్లకు మోసగాడే! తండ్రి గారికి ఇక్కడ ఒక తూటా దొరికినట్టే.

ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. ఈ సినిమాకు రాసిందెవరు? ‘త్వమేవాహం’ రాసిన కవి, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ పేరుతో తెలుగు సాహిత్య చరిత్రనంతా సంపుటాలకెక్కించిన ఆరుద్ర. తాళపత్రాలు తిరగేసిన చేత్తోనే టోపీవాలాల డైలాగులు రాశాడు. సంగీతం ‘సువర్ణసుందరి’కి మెలొడీలు కట్టిన పి.ఆదినారాయణరావు. కెమెరా వి.ఎస్.ఆర్.స్వామి. దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. కృష్ణ సొంత సంస్థ పద్మాలయా తొలి సినిమా ‘అగ్నిపరీక్ష’ దెబ్బతింది. రెండో సినిమాకే ఎవరూ ఎరగని దారి పట్టారు. సోదరుడు ఆదిశేషగిరిరావు నిర్మాత. యూనిట్‌ను మద్రాసు నుంచి రాజస్థాన్ ఎడారికి, బికనీరుకు, అటు నుంచి హిమాచల్ కొండలకు తీసుకుపోయారు. ‘షోలే’ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది! కృష్ణకు ఇలాంటి ఆటలు కొత్త కాదు. 1966లోనే ‘గూఢచారి 116’తో తెలుగు జేమ్స్‌బాండ్ అయ్యాడు. 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో సినిమాస్కోప్ తెచ్చాడు, 1986లో ‘సింహాసనం’తో 70 ఎం.ఎం. తెచ్చాడు.

లియోనీ హీరోకు వెనకా ముందూ లేదు. పేరు కూడా సరిగా లేదు. మన హీరోకు అది కుదరదు. పగ ఉండాలి, ప్రేయసి ఉండాలి, పాటలుండాలి, జ్యోతిలక్ష్మి డాన్సు ఉండాలి. లియోనీ పది నిమిషాలు మౌనం పాటిస్తాడు. తెలుగులో పది నిమిషాలు మౌనమంటే ఆపరేటరును కేకలేస్తారు! అందుకే ఇదీ అదీ పక్కపక్కన పెట్టి చూస్తే లియోనీది గొప్ప సినిమా, మనది హుషారైన సినిమా. తండ్రిగారికి ఈ మాట కొంచెం కష్టంగానే ఉంటుంది. అయినా 1971లో ఆ హుషారుకు ఎంత తెగువ కావాలో కొడుకు కూడా ఒప్పుకోవాలి. తమిళంలోకి, హిందీలోకి వెళ్లింది. ఇంగ్లీషులోకీ వెళ్లింది. ఇంగ్లీషు నుంచి దిగుమతి చేసుకున్న సరుకును మళ్లీ ఇంగ్లీషులోకి ఎగుమతి చేయడం అప్పటికి మామూలు విషయం కాదు.

అమ్మ మాట నిజమే

వంటింట్లోంచి వచ్చిన ప్రశ్నకు మాత్రం ఈ ఇద్దరి దగ్గరా జవాబు లేదు. లియోనీ సినిమాలో ఆడవాళ్లు దాదాపు కనబడరు. కనబడిన ఒకరిద్దరూ దెబ్బలు తినడానికే. ‘మోసగాళ్లకు మోసగాడు’లో విజయనిర్మల ఉంది గానీ కథ నడిచేది మగాళ్ల మీదే.

అయితే అమ్మకు చెప్పదగ్గ కబురొకటుంది. ఇదే దాస్, కృష్ణకు టోపీ పెట్టడానికి ఏడాది ముందే, 1970లో విజయలలిత చేతికి తుపాకీ ఇచ్చి ‘రౌడీరాణి’ తీశాడు. మగాళ్లను ఆడది చితకబాదే సినిమా. లియోనీకి తట్టనిది మనవాళ్లకు తట్టింది. కాపీ లెక్కలు తీసేటప్పుడు ఇలాంటివి కూడా ఖాతాలో వేయాలి కదా!

తర్వాతా టోపీలు మారుతూ వచ్చాయి. 1990లో చిరంజీవి ‘కొదమసింహం’ అయ్యాడు. 2002 సంక్రాంతికి మహేష్‌బాబు ‘టక్కరిదొంగ’గా వస్తే అందులో కృష్ణ కూడా కాసేపు గుర్రమెక్కి కనిపించాడు. 2009లో మన రాజేంద్రప్రసాద్ ‘క్విక్ గన్ మురుగన్’ అనే సినిమాలో శాకాహారి కౌబాయ్‌గా చేశాడు. అందులో హీరో పోరాటం దోసెల కోసం, మాంసం హోటలు పెట్టబోయే విలన్ మీద. కౌబాయ్ ఆవును కాపాడిన సినిమా బహుశా అదొక్కటే కావచ్చు. పుంగనూరు వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు!

కృష్ణ 2022 నవంబరు 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన పుట్టినరోజు మే 31న ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కె ప్రతిగా మార్చి మళ్లీ థియేటర్లలో వేశారు. యాభై ఏళ్లు దాటిన సినిమా. తండ్రులు కొడుకులను వెంటబెట్టుకుని వెళ్లదగ్గ ఆట అది. కాపీ అన్న కొడుకు ఈల వేశాడా లేదా అన్నది ఆ ఇంటికే తెలియాలి.

తవ్వినవాళ్లకు తవ్వినంత

సీమలో పేపరు చదివేవాళ్లకు ఈ కథలో ఇంకోటి కూడా బాగా తెలిసినదే... గుప్తనిధులు. పాత కోట, పాడుపడిన గుడి, కొండ మీద బండరాయి కనబడితే చాలు, అమావాస్య రాత్రి గునపాలు పట్టుకుని బయల్దేరే ముఠాల వార్తలు జిల్లా పేజీల్లో వస్తూనే ఉంటాయి. ఒకడికి చోటు తెలుసంటాడు, ఒకడికి మంత్రం తెలుసంటాడు. డబ్బు పెట్టేవాడు మూడోవాడు. అచ్చం బ్లాండీ, ట్యూకో, వాడి వెనక తోడేలు! గుళ్లు పాడవుతాయి, కేసులవుతాయి, జైలుకెళతారు.

లియోనీ బంగారం దాచిన శ్మశానం కోసం స్పెయిన్ సైనికులు బుర్గోస్ దగ్గరి ఒక లోయలో అయిదు వేల దాకా ఉత్తుత్తి సమాధులు కట్టారు. షూటింగ్ అయ్యాక దాన్ని అలాగే వదిలేసి వెళ్లిపోయారు. గడ్డి పెరిగింది, మట్టి కప్పేసింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2015లో ఆ చుట్టుపక్కల అభిమానులు పారలు పట్టుకుని వచ్చారు. తర్వాత ఎక్కడెక్కడివాళ్లో తోడయ్యారు. సెలవు రోజుల్లో వచ్చి మట్టి తీశారు. మధ్యలో రాళ్లు పరిచిన ఆ గుండ్రటి బయలు బయటపడింది. చుట్టూ మళ్లీ శిలువలు నాటారు. డబ్బు సాయం చేసిన అభిమానుల పేర్లు వాటి మీద రాశారు. బతికుండగానే సొంత సమాధి! దీని మీద 2017లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

సినిమాలో బంగారం ఉన్న చోటు పక్కన ఆర్చ్ స్టాంటన్ అనే పేరుతో ఒక సమాధి ఉంటుంది. ఇప్పుడు అక్కడికి వెళ్లినవాళ్లు ఆ శిలువ పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు. మన పడమటి గుట్టల్లోలాగే, అక్కడా ఇంతవరకు బంగారం మాత్రం దొరకలేదు.